కొలను అడుగున దొరికినవి

తెలుగులో నీళ్ళకి పేర్లు ఎక్కువ. పొలాలు తడిపేది చెరువు. గుడి పక్కనుండేది కోనేరు. గొడ్లు దిగేది కుంట. కొలను అనే మాట మాత్రం ఎక్కువగా పద్యాల్లోనే కనిపిస్తుంది. హంసలుంటాయి, తామరలుంటాయి, ఒడ్డున ఎవరో రాజకుమార్తె ఉంటుంది. గ్యోంగ్జులో నేను చూసింది అలాంటి అచ్చమైన కొలను. దాని నీటితో పొలాలు తడిపారని గానీ, దాంట్లో ఊరివాళ్ళు బట్టలుతుక్కున్నారని గానీ ఎక్కడా లేదు. రాజుగారు చూసుకోవడానికి తవ్విన నీళ్ళు.

దక్షిణ కొరియాలో ఆగ్నేయ మూలనున్న గ్యోంగ్జు ఒకప్పుడు సిల్లా రాజ్యానికి రాజధాని. మా అమ్మాయి సియోల్లో చదువుకుంటున్న రోజుల్లో దాన్ని చూడ్డానికి వెళ్ళి, పనిలో పనిగా రెండు రోజులు గ్యోంగ్జులో ఉన్నాను. సాయంత్రం చీకటి పడగానే జనమంతా ఆ కొలను దగ్గరికే నడుస్తున్నారు. పశ్చిమపు ఒడ్డున 1980లో తిరిగి కట్టిన మూడు మంటపాలకి దీపాలు పెడతారు. వాటి నీడలు నీళ్ళలో పడతాయి. అందరూ ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీసుకుంటారు. "అమ్మా, నువ్వు చదివి చదివి వచ్చింది దీనికోసమేనా, ఇంత చిన్నదా?" అంది మా అమ్మాయి. నిజమే, నాలుగెకరాలకి కాస్త తక్కువ. కాకపోతే ఎక్కడ నిలబడినా కొలను మొత్తం ఒక్కసారిగా కనపడదు. మంటపాలున్న వైపు గట్టు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. తూర్పు, ఉత్తరపు ఒడ్లు మాత్రం మెలికలు తిరుగుతాయి. మధ్యలో మూడు లంకలు. ఎటు చూసినా ఏదో ఒక మలుపు వెనక ఇంకా నీళ్ళున్నాయనిపిస్తుంది. అది సముద్రమనిపించాలని కట్టినవాళ్ళ ఉద్దేశం. ఒడ్డునున్న విందుశాల పేరే ఇమ్‌హేజోన్, అంటే సముద్రం వైపు చూసే భవనం.

ఈ కొలను పుట్టుక గురించి చరిత్రలో ఉన్నది ఒకే ఒక్క వాక్యం. 674లో, రెండో నెలలో, మున్ము రాజు కాలంలో, కోట లోపల కొలను తవ్వారనీ, గుట్టలు పోశారనీ, పూలమొక్కలు నాటారనీ, అరుదైన పక్షుల్నీ జంతువుల్నీ పెంచారనీ 'సాంగుక్ సాగి' చెబుతుంది. 1145లో కిమ్ బుసిక్ అనే పండితుడు కూర్చిన మూడు రాజ్యాల చరిత్ర అది. వాక్యంలో కర్త లేడు. తవ్వించినవాడు రాజని మనకి మనమే అనుకుంటాం. తవ్వినవాళ్ళు ఎవరన్న ప్రశ్న ఆ వ్యాకరణంలో పుట్టదు. ఆ ఏడాది మొదటి నెలలోనే చైనాలోని టాంగ్ చక్రవర్తి కోపించి మున్ముకి ఇచ్చిన బిరుదులు రద్దుచేసి, అతని తమ్ముణ్ణి రాజుగా ప్రకటించాడు. అప్పటికి నాలుగేళ్ళుగా యుద్ధం. 660లో బెక్జే, 668లో గోగుర్యో కూలిపోయాయి. ఇప్పుడు టాంగ్ సైన్యమే ఎదురుగా ఉంది. అలాంటప్పుడు కొలను తవ్వడమంటే, మాకేం భయం లేదని లోకానికి చెప్పడమే కావచ్చు. యుద్ధం జరుగుతుండగా పూలమొక్కలు నాటించగల రాజు.

ఈ మున్ము తల్లి కథ నాకు రాజు కథ కంటే ఎక్కువ ఇష్టం. అది కిమ్ బుసిక్ పుస్తకంలో కన్నా, 13వ శతాబ్దంలో ఇల్యోన్ అనే బౌద్ధ భిక్షువు సేకరించిన 'సాంగుక్ యూసా'లో విస్తారంగా ఉంది. అక్కాచెల్లెళ్ళు బోహీ, మున్హీ. ఒకరాత్రి బోహీకి కల వచ్చింది. పడమటి కొండెక్కి కూర్చుని మూత్రం పోస్తే ఊరు ఊరంతా మునిగిపోయిందట. పొద్దున్నే సిగ్గుపడుతూ చెల్లెలికి చెప్పింది. చెల్లెలు సిగ్గుపడలేదు. "ఆ కల నాకు అమ్ముతావా?" అని అడిగింది. వెల ఒక పట్టు పరికిణీ. కల కొనుక్కున్న చెల్లెలు తర్వాత రాణీ అయింది, ఆమె కొడుకే మున్ము. రాజధానిని నీళ్ళలో ముంచిన ఆడదాని కల ఒకటి, దాని నుంచి పుట్టిన కొడుకు తవ్వించిన నాలుగెకరాల కొలను ఒకటి. నాకైతే ఆ కలే పెద్దదిగా కనిపిస్తుంది.

కథ అక్కడితో అయిపోతే జానపదంలా ఉండేది. పెళ్ళి కాకుండానే మున్హీ గర్భవతి అయింది. అన్న కిమ్ యూసిన్, సిల్లా సేనానుల్లో అందరికన్నా పేరున్నవాడు, పెరట్లో కట్టెలు పేర్చి, చెల్లెల్ని సజీవంగా కాల్చేస్తానని ఊరంతా చాటించాడు. అదంతా ప్రియుడితో పెళ్ళి జరిపించడానికి ఆడిన నాటకమే, నిజంగా కాల్చే ఉద్దేశం లేదు, అని చెబుతారు. ప్రియుణ్ణి ఆమె దాకా తీసుకొచ్చిందీ ఆ అన్న ఉపాయమే. అయినా ఆ కట్టెలు నిజం కట్టెలు. పొగ నిజం పొగ. ఆ పొగని దక్షిణపు కొండ మీదనుంచి చూసి, అదేమిటని అడిగి, మున్హీ కడుపులో బిడ్డకి తండ్రైన కిమ్ చున్చూని "వెళ్ళి ఆమెని కాపాడు" అని పంపింది సోందోక్ రాణి. కాలం లెక్కన చూస్తే మున్ము 626లో పుట్టాడు, సోందోక్ సింహాసనమెక్కింది 632లో. కాబట్టి అప్పటికామె రాణి కాదు, రాజకుమార్తె అయివుండాలి. ఇల్యోన్ కి తేదీలు కలవలేదు. అయినా పొగ చూసి ఆగింది ఒక స్త్రీ అన్న సంగతిని మాత్రం కథ వదల్లేదు.

సోందోక్ సిల్లాని స్వయంగా పాలించిన మొదటి స్త్రీ. 647లో ఆమె పోయాక జిందోక్, 654 దాకా. ఆ తర్వాత రెండు వందల ముప్ఫై ఏళ్ళకి, 887లో, జిన్సోంగ్. వెయ్యేళ్ళ రాజ్యంలో ముగ్గురంటే ముగ్గురు. సోందోక్ కాలంలో కట్టిన చోమ్‌సోంగ్దే అనే నక్షత్రశాల ఈ కొలనుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఇంకా నిలబడి ఉంది. ఆమెకీ ఒక కొలను కథ ఉంది. నడి చలికాలంలో ఒక ఆలయపు కొలనులో కప్పలు చేరి మూడు నాలుగు రోజులు అదేపనిగా అరిచాయి. ఆ కొలను పేరు జేడ్ ద్వారం. రాణి వెంటనే ఇద్దరు సేనాపతుల్ని పిలిచి, పడమట ఫలానా లోయలో శత్రువులు దాక్కున్నారు, వెళ్ళి పట్టుకోమంది. వెళితే బెక్జే సైనికులు ఐదు వందల మంది నిజంగానే ఉన్నారు. ఎలా తెలిసిందని అడిగితే రాణి ఇచ్చిన వివరణని మన పండితులైతే పాదసూచికలో దాచేసేవారు. కోపంగా కళ్ళు తేల్చిన కప్పలంటే సైనికులు. జేడ్ ద్వారమంటే స్త్రీ యోని. ఆ లోయ పేరూ అదే అర్థం. పురుషాంగం అందులోకి వెళితే చచ్చి తీరుతుంది కదా, అందుకే గెలుస్తామని తెలుసు, అంది. సభలో మంత్రుల ముఖాలు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకుని నేను చాలాసేపు నవ్వుకున్నాను. ఒక భిక్షువు ఏ మొహమాటమూ లేకుండా దీన్ని రాసిపెట్టాడు.

కిమ్ బుసిక్ కి ఈ నవ్వు లేదు. సోందోక్ పాలన ముగిసిన చోట ఆయన ఆగి, సొంత గొంతుతో వ్యాఖ్యానించాడు. పురుషుడు ఉన్నతం, స్త్రీ అధమం, అంతఃపురంలో ఉండాల్సిన ముసలామెని సింహాసనమెక్కించడం చెడిపోయిన కాలానికి గుర్తు, రాజ్యం నాశనం కాకపోవడం అదృష్టమని ఆయన తీర్పు. పెట్ట కూస్తే ఇంటికి అరిష్టమన్న సామెత మనకి కొత్తది కాదు, ఆయన చైనా గ్రంథాల నుంచి తెచ్చుకున్నది అదే. ఆయన రాసేనాటికి సోందోక్ పోయి అయిదు వందల ఏళ్ళు.

ఆ పుస్తకంలోనే మన కొలను ఒడ్డున జరిగిన విందు ఒకటి ఉంది. 860, తొమ్మిదో నెల. హొనాన్ రాజు ఇమ్‌హేజోన్ లో సభ చేశాడు. పదిహేనేళ్ళ కుర్రవాడు ఉంగ్న్యోమ్ తెలివిగా మాట్లాడాడు. మురిసిపోయిన రాజు, నాకిద్దరు కూతుళ్ళు, నీకిష్టమైన దాన్ని చేసుకో అన్నాడు. పెద్దమ్మాయికి ఇరవై, చిన్నమ్మాయికి పంతొమ్మిది. చిన్నది అందగత్తె, పెద్దది కాదు. కుర్రవాడు ఎటూ తేల్చుకోలేకపోతే ఒక భిక్షువు సలహా చెప్పాడు: పెద్దదాన్ని చేసుకుంటే నీకు మూడు లాభాలు. చేసుకున్నాడు. మర్నాడు సంవత్సరమే రాజయ్యాడు. మరి రెండేళ్ళకి చిన్నదాన్నీ తెచ్చుకున్నాడు. మూడో లాభం అదేనట. పుస్తకం దీన్ని వివేకానికి ఉదాహరణగా చెబుతుంది. ఆ ఇద్దరమ్మాయిలూ ఒక్క మాటా మాట్లాడరు.

అందం లేదన్న ఆ పెద్దమ్మాయి కూతురే జిన్సోంగ్ రాణి. అన్న చనిపోతూ, మా చెల్లెలు తెలివైనది, ఎముకల పొందిక మగవాడిలా ఉంది, కాబట్టి పాలించగలదు అని ఆమెకి రాజ్యమిచ్చాడు. మెచ్చుకోవాలన్నా మగవాడి ఎముకలు కావాలి! చరిత్ర ఆమెని కుర్రవాళ్ళతో తిరిగిన రాణిగా, రాజ్యాన్ని చెడగొట్టిన ఆడదానిగా గుర్తుపెట్టుకుంది. 889లో పన్నుల మీద రైతులు తిరగబడ్డమాట నిజమే. ఆ కుళ్ళు ఆమెకి ముందే మొదలైందన్నదీ నిజమే. ఆమె గురించి మరో సంగతి రచయిత్రులు తెలుసుకోవాల్సింది ఉంది. 888లో సిల్లా పాటలన్నిటినీ ఒకచోట కూర్చమని ఆజ్ఞాపించింది ఆమె. 'సాందేమోక్' అనే ఆ సంకలనం తర్వాత కాలంలో పోయింది. ఒక్క పేజీ దొరకలేదు. ఆమె చేయించిన పని పోయింది, ఆమె మీద నింద మిగిలింది. 897లో గద్దె దిగి, ఆ ఏడాదే చనిపోయింది.

927లో గ్యోన్ హ్వోన్ అనే తిరుగుబాటు నాయకుడు రాజధాని మీద పడ్డాడు. రాజు చేత బలవంతంగా ప్రాణం తీయించాడు. రాణి మీద అత్యాచారం చేశాడు, అంతఃపుర స్త్రీలని తన మనుషులకి వదిలేశాడు. అంతా కిమ్ బుసికే రాశాడు, రెండు ముక్కల్లో. రాణి పేరు రాయలేదు. నాలుగేళ్ళ తర్వాత, 931లో, ఆఖరి రాజు గ్యోంగ్సున్ తన రాజ్యాన్ని మింగబోతున్న వాంగ్ గొన్ ని ఇదే కొలను ఒడ్డున విందుకి పిలిచి, ఆ దాడిని తలచుకుని ఏడ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఏడ్చారట. బతికి ఉంటే ఆ స్త్రీలు ఆ సాయంత్రం ఏ గదిలో ఉన్నారో. 935లో సిల్లా లొంగిపోయింది. భవనాలు పడిపోయాయి, రెల్లు మొలిచింది. తర్వాతి రాజ్యపు కవులు అక్కడ నీటి పక్షుల్ని తప్ప ఏమీ చూడలేదు. అందుకే దాని పేరు అనాప్జి అయింది, బాతుల కొలను.

1974లో పర్యాటకుల కోసం ఊరిని బాగుచేస్తూ పూడిక తీయించడం మొదలుపెట్టారు. బురదతోపాటు వస్తువులు రావడం మొదలైంది. పని ఆపి, నీళ్ళు తోడి, పురావస్తు తవ్వకం చేశారు. 1976 చివరి దాకా సాగింది. ముప్ఫై వేలకి పైగా వస్తువులు దొరికాయి. పెంకులే ఎక్కువ. సమాధుల్లో పెట్టిన బంగారం కాదు ఇది, చేయిజారినవీ, విసిరేసినవీ, భవనాలతోపాటు కూలినవీ. కంచు చెంచాలు, గిన్నెలు, తాళాలు, దువ్వెనలు, కొప్పుపిన్నులు, బోల్తాపడిన పడవ, చెక్కతో చేసిన పురుషాంగం (సోందోక్ చూసి ఉంటే ఏమనేదో). మట్టి పాత్రల మీదా కలప చీటీల మీదా ఉన్న అక్షరాల వల్ల, రాతల్లో ఉన్న చంద్రుడి కొలను, వోల్జి, ఇదేనని తేలింది. 2011లో అధికారికంగా ఆ పేరు తిరిగి ఇచ్చారు.

మ్యూజియంలో నేను ఎక్కువసేపు నిలబడింది ఒక కత్తెర దగ్గర. బంగారు పూత పూసిన కంచు కత్తెర. దీపపు వత్తి కత్తిరించేది. కోసిన నుసి కింద పడకుండా అలుగులకి అర్ధచంద్రాకారంలో చిన్న గోడలున్నాయి. ఎవరో రోజూ వత్తులు కత్తిరిస్తూ, నుసి రాలి మంటపం మసిబారితే తిట్లు తిన్నారు కాబట్టే ఎవరికో ఆ గోడలు కట్టాలన్న ఆలోచన వచ్చి ఉంటుంది. కలప చీటీలలో కొన్ని జాడీలకి కట్టినవి. లోపల ఊరబెట్టిన చేపో మాంసమో, ఏ నెలలో పెట్టారో వాటి మీద రాసి ఉంది. మా అమ్మ ఆవకాయ జాడీ మీద అతికించే కాగితం గుర్తొచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. దువ్వెన కనిపించగానే స్త్రీది అనేయడం నాకూ సులువే. కానీ మగవాళ్ళూ కొప్పు పెట్టుకునే కాలమది. వత్తి కత్తిరించింది ఆడదో మగవాడో ఆ కత్తెర చెప్పదు. లేని సాక్ష్యాన్ని మన కోరికతో నింపితే, కిమ్ బుసిక్ చేసిన పనినే మనం తిరగేసి చేసినట్టు.

అయితే సాక్ష్యం లేకపోలేదు. ఉన్నది అనుకోని చోట. సాంగుక్ సాగి చివర్లో ఎవరూ చదవని ఉద్యోగాల జాబితా ఒకటి ఉంది. కోట ఖాతాలు, వాటి సిబ్బంది, ఎంతమంది. అందులో చంద్రుడి కొలను చూసుకునే శాఖ ఉంది. ఆ జాబితాలోనే ఒక వింత హోదా కనిపిస్తుంది: 'మో', అంటే తల్లి. పట్టు నేసే ఖాతా పేరు ఉదయపు ఎర్రమబ్బుల గది. అందులో తల్లులు 23 మంది. రంగుల అద్దకశాలలో తల్లులు 11 మంది. బట్టలు ఉతికి చలవచేసే శాఖలో 10 మంది. పేర్లు లేవు. కానీ ఉద్యోగాలు. గుమాస్తాల పక్కన, అదే వరుసలో, ఖాతా లెక్కలో. ఆడది పాలిస్తే రాజ్యం మునుగుతుందని రాసిన అదే చెయ్యి ఈ అంకెల్ని ఎత్తిరాసింది. ఆయనకి అవి అభిప్రాయం చెప్పాల్సినంత ముఖ్యమైనవి కాదు, అందుకే మిగిలాయనిపిస్తుంది.

దీని పక్కన మరో అంకె పెట్టి చూస్తాను. 660లో బెక్జే కూలినప్పుడు కోట స్త్రీలు కొండ మీదనుంచి నదిలోకి దూకారని కథ. ఇప్పుడు ప్రతి మార్గదర్శినిలోనూ మూడు వేల మంది అని ఉంటుంది. ఆ మూడు వేలు పాత చరిత్రలో లేదు, తర్వాతి కవులు ఇచ్చింది. చచ్చిపోయే ఆడవాళ్ళైతే వేలల్లో, పూల రేకుల్లా రాలుతూ. పని చేసే ఆడవాళ్ళు ఇరవై ముగ్గురు, పదకొండు మంది, పది మంది. నాకు ఈ చిన్న అంకెలే కావాలి.

విందుల సంగతికి వస్తే, బురదలో పధ్నాలుగు ముఖాల చెక్క పాచిక ఒకటి దొరికింది. ప్రతి ముఖం మీదా ఒక ఆజ్ఞ. సంగీతం లేకుండా నాట్యం చెయ్యి. మూడు గిన్నెలు ఒక్కసారే తాగు. ముఖం మీద చక్కిలిగిలి పెట్టినా కదలకు. అందరూ నీ ముక్కు మీద కొడతారు. మా అమ్మాయి పగలబడి నవ్వింది. పన్నెండు వందల ఏళ్ళ నాటి తాగుడు ఆట! అసలు పాచిక లేదు. ఆరబెట్టడానికి పెట్టిన విద్యుత్ యంత్రం వేడెక్కి అది బూడిదైపోయింది. ఇప్పుడు చూసేవన్నీ నకళ్ళు. వెయ్యేళ్ళు బురద దాచినది మన జాగ్రత్తలో కాలిపోయింది.

కొలనుకి పక్కనే అర్ధచంద్రాకారపు వోల్సోంగ్ కోట. దాని పడమటి గోడ పునాదిలో 2017లో రెండు అస్థిపంజరాలు బయటపడ్డాయి. వాటికి అర మీటరు దూరంలో దొరికిన మూడోదాని వివరాలు 2021లో ప్రకటించారు. ఇరవైల్లో ఉన్న స్త్రీ, ఎత్తు 135 సెంటీమీటర్లు, మెడలో, చేతికి పూసలు. గోడ నిలబడాలని నాలుగో శతాబ్దంలో బలిచ్చారని పరిశోధకుల నిర్ణయం. చెరువు కట్ట తెగకుండా బలైన బుక్కరాయసముద్రం ముసలమ్మని కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము'లో కావ్యనాయికని చేస్తే, త్యాగమని పాఠం చెప్పుకున్నాం. ఈ పొట్టి అమ్మాయికి కావ్యం లేదు. త్యాగమనే మాట ఇంకా ఎవరూ తగిలించలేదు. పూసలున్నాయి.

2007 నుంచి కొలనుకి ఈశాన్యంగా తవ్వకాలు జరుగుతున్నాయి. 2017లో అక్కడే రాతితో కట్టిన మరుగుదొడ్డి బయటపడింది, నీళ్ళు పోస్తే కిందికి కొట్టుకుపోయే ఏర్పాటుతో. నీళ్ళు వచ్చే గొట్టం లేదు, జాడీతో పోసేవారట. కొలనుకి తూర్పున బయటపడిన కట్టడమే అసలు యువరాజు భవనమని 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఇన్నాళ్ళూ యువరాజుది అనుకున్న పశ్చిమపు భవనం రాజుదట.

మేం వెళ్ళిన మర్నాడు పొద్దున, జనం లేనప్పుడు, అటువైపు వెళ్ళాం. తాడు కట్టిన గోతుల్లో నలుగురు పెద్దవయసు ఆడవాళ్ళు, ముఖం మొత్తం మూసే టోపీలు పెట్టుకుని, చిన్న తాపీలతో మట్టి గీకుతున్నారు. ఒకామె గీకిన మట్టిని బకెట్లోకి ఎత్తే ముందు ప్రతిసారీ వేళ్ళతో చిదిపి చూస్తోంది. మా అమ్మాయి వాళ్ళ భాషలో ఏం దొరికిందని అడిగింది. ఆమె తలెత్తకుండానే, పెంకులు, అంది.